బొమ్మల ఆఠా

మా కోడలు బెంగాలీ పిల్ల. తెలుగు నా దగ్గరే నేర్చుకుంది కాబట్టి ఆమె తెలుగులో ఉన్న ఒప్పులూ తప్పులూ రెండూ నావే. మా పెద్దవాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి కలకత్తా ఖిదిర్‌పూర్‌లో స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో మేం మాట్లాడేది ఇప్పటికీ ఆ వైపు మాటే. అందుకే మా కోడలు కూడా "ఏటి మా, ఇంకా తినలేదేటి?" అని అడుగుతుంది. హైదరాబాదు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగస్తుల ఇళ్లలో ఆమె నోరు విప్పితే వాళ్లు ముందు ఆశ్చర్యపోతారు, తర్వాత నా వైపు చూస్తారు. ఏదైనా మాట తట్టకపోతే ఆగదు. అక్కడ బెంగాలీ మాట పెట్టుకుని వాక్యం ముగిస్తుంది. నన్ను 'మా' అంటుంది. నేను ఇక్కడి అత్తగార్ల లాగే ఆమెను 'బౌమా' అంటాను.

మావారు లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయిన తర్వాత అక్కడి అద్దె ఇల్లు ఖాళీ చేసి ఖిదిర్‌పూర్‌లో మా అబ్బాయి ఫ్లాటుకి వచ్చాను. వచ్చిన తేదీ, ఆ రోజు లారీకి ఇచ్చిన కిరాయి, దారిలో పగిలిన ఊరగాయ జాడీ కొన్న సంవత్సరం, అన్నీ నాకు గుర్తే. అవి ఇక్కడ అక్కర్లేదు. అక్కర్లేనివి గుర్తుండటం నా ఉద్యోగం ఇచ్చిన అలవాటు.

నేను రైల్వే లెక్కల ఆఫీసులో పనిచేశాను. చేరిన కొత్తలో నా పని టికెట్లు వేరుచేయడం. ప్రయాణం ముగిసిన వాళ్ల దగ్గర స్టేషన్లలో తిరిగి తీసుకున్న అట్టముక్క టికెట్లు సంచుల్లో మా బల్లల మీదికి వచ్చేవి. ఊరి ప్రకారం, తరగతి ప్రకారం, నంబరు ప్రకారం వాటిని విడదీసి కట్టలు కట్టాలి. రకానికి రకం చేరాక లెక్క చూడాలి. తేడా వస్తే మొదటి ప్రశ్న ఒకటే: ఎవరు చేశారు? ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు పొంగినా నా నోట వచ్చేది అదే ప్రశ్న. మా అబ్బాయి చిన్నప్పుడు ఏదైనా చేయి జారితే, నేను అడగక ముందే "నేను కాదమ్మా" అనేవాడు.

ఈ ఇంటికి వచ్చాక కోడలికీ నాకూ ఒక్కనాడూ మాటా మాటా రాలేదు. అలాగని దగ్గరితనమూ లేదు. నేను వంటింట్లో ఉంటే ఆమె ముందుగదిలో, ఆమె వంటింట్లోకి వస్తే నేను బాల్కనీలోకి. ఒకరికొకరం దారి ఇచ్చుకునేవాళ్లం. వేళకి నా బీపీ మాత్ర నీళ్లగ్లాసు పక్కన ఉండేది. వేళకి ఆమె టిఫిన్ డబ్బా సంచిలో ఉండేది. లెక్క ఎప్పుడూ సరిపోయేది. సరిపోయిన లెక్క గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

ఆమె బెహాలాలో ఒక స్కూల్లో భూగోళం చెబుతుంది. వారమంతా బస్సు, క్లాసులు, పేపర్లు దిద్దడం. నెలకో ఆదివారం మాత్రం ఆమె కాలేజీనాటి స్నేహితులు నలుగురు వస్తారు. ముందుగది బల్ల మీద పెద్ద అట్ట పరిచి, పాచికలు వేసి, వేలెడంత బొమ్మల్ని గళ్లలో నడిపిస్తూ పొద్దుగూకే దాకా ఆడతారు. నలభై దగ్గరపడుతున్న మనుషులు బొమ్మలతో ఆడటమేమిటని మొదట్లో లోలోపల నవ్వుకున్నాను. తర్వాత నవ్వడం మానేశాను. టీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూసేదాన్ని, ఆ పూట ఆమె ముఖం వేరు. మిగతా నెల అంతా ఆ ముఖం ఎక్కడ దాచి పెడుతుందో నాకు తెలిసేది కాదు.

కిందటి దసరా పూజ సెలవుల్లో ఆ ఐదుగురూ కలిసి డబ్బు వేసుకుని విదేశం నుంచి ఒక కొత్త ఆటకి ఆర్డరు పెట్టారు. అది రావడానికి నెలలు పట్టింది. ఈలోగా వాళ్లలో ఒకతనికి బెంగుళూరు బదిలీ అయింది. సోమవారం ప్రయాణం. అంటే ఐదుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి మిగిలింది ఆ ముందురోజు, ఆదివారం ఒక్కటే. పెట్టె గురువారం సాయంత్రం వచ్చింది. జనవరి చలి. మా కోడలు శాలువా కూడా తీయకుండా కత్తెరతో పైకాగితం కోసి, మూత ఎత్తి, లోపలికి తొంగిచూసి, వాసన చూసి, మళ్లీ మూసేసింది.

"చూస్తారా మా?" అని మూత మీది బొమ్మ చూపించింది. పసుప్పచ్చటి ఎండుభూమి, వరసగా కర్రల కొట్లు, గుర్రాలు, పెద్ద పెద్ద టోపీల మనుషులు.

"కౌబాయ్‌లా?"

"హ్యాఁ మా. పూర్వం అమెరికాలో పడమటి వైపు. అప్పట్లో అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు."

"మరైతే ఎవరి సొమ్ము ఎవరికి దక్కినట్టు?"

"అదే ఆట" అంది నవ్వి.

బొమ్మలు తయారుగా రావట, విడి ముక్కలుగా వస్తాయట. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి శనివారానికల్లా అన్నీ అతికించాలని చెప్పింది. అతికించడం గురించి ఇంకా ఏదో చెబుతుంటే కుక్కర్ కూత వేసింది, నేను లేచిపోయాను.

శుక్రవారం పొద్దున ఆమె స్కూలుకి వెళ్లిన కాసేపటికి ఫోను మోగింది. బస్సులో ఉంది. హారన్లు, కండక్టరు కేకలు, బస్సు పక్కన తట్టే చప్పుడు. వాటి మధ్య నుంచి ఆమె గొంతు.

"మా, ఒక్క పని చేస్తారా? ఆఠా బయటికి తీసి పెట్టండి. నేనొచ్చీసరికి రెడీగా ఉండాల."

"ఆటా? రొట్టెలు చేస్తావేటి ఇయ్యాళ?"

"కాదు మా, రొట్టెల ఆటా కాదు. ఆఠా, ఆఠా! బొమ్మలకి!"

"ఓహో, బొమ్మలాటా? నిన్నొచ్చిన పెట్టెదేనా?"

"హ్యాఁ మా, దాందే. జాగ్రత్తగా..." తర్వాత మాటలు హారన్లో కలిసిపోయాయి.

బెంగాలీలో ఆటా అంటే గోధుమపిండి. అది నాకు తెలుసు కాబట్టే, ఆమె మన ఆటని సాగదీసి పలికిందని, ఆ తప్పు పట్టుకున్నానని అనుకున్నాను. పిండి కాకపోతే ఇక మిగిలింది మన ఆట. బొమ్మల ఆట బయటికి తీసి పెట్టమంది. జాగ్రత్తగా తీయమంది. ఆ 'జాగ్రత్తగా' అన్న మాట మటుకు చక్కగా వినపడింది.

ఈ ఇంటికి వచ్చాక ఆమె తన సొంత పనుల్లో నన్ను చేయి వేయమనడం అదే మొదటిసారి. ఎంత సంతోషించానో చెప్పలేను. స్నానం చేసి, మాత్ర వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఎండ పడే చోట చాప పరిచి పెట్టె ముందు కూర్చున్నాను.

లోపల బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు ఉన్నాయి, కిటికీ ఊచల్లా. ఆ ఊచలకి కాయలు కాసినట్టు చేతులు, కాళ్లు, తలలు, టోపీలు, తుపాకులు. ఒక్కటీ గోరంత మించి లేదు. గుర్రం కూడా రెండు ముక్కలుగా చీల్చిన చిక్కుడుకాయలా అటొక సగం, ఇటొక సగం. వీటిని బయటికి తీయడమంటే చట్రం నుంచి ఒలవడమే కదా. గోంగూర కట్ట తెచ్చి కాడలతో సహా పళ్లెంలో పెట్టి 'తీసి ఉంచాను' అంటే ఎవరైనా ఊరుకుంటారా?

నెయిల్ కట్టరూ చిన్న కత్తెరా తెచ్చుకుని ఒక్కొక్కటే కత్తిరించాను. తుంచితే విరుగుతుందని గ్రహించి, ముందు కాస్త దూరంగా కోసి, తర్వాత మొదలు దగ్గర నున్నగా కోశాను. కోసిన చోట వేలు పెట్టి రాస్తే గరుకు తగలకూడదు. తీసినవాటిని కుప్పగా పోస్తే ఆమెకి మళ్లీ పని. అందుకని పాత పోపులపెట్టె కడిగి తుడిచి, ఒక గిన్నెలో తలలు, ఒక గిన్నెలో టోపీలు, ఒక దాంట్లో కుడిచేతులు, ఒక దాంట్లో ఎడమచేతులు, ఒక దాంట్లో కాళ్లు, మరో దాంట్లో తుపాకులూ కత్తులూ, నడిమి గిన్నెలో నాకు అర్థం కాని చిల్లర. మొండేలకూ గుర్రాలకూ వేరే పళ్లెం. రకానికి రకం. ఎన్నాళ్లకో మళ్లీ నా బల్ల ముందు కూర్చున్నట్టుంది.

లెక్క చూసుకుంటే తలలకన్నా టోపీలు ఒకటి తక్కువ. చాప దులిపాను, సోఫా కిందికి చీపురు పెట్టి లాగాను. దొరకలేదు. ఆ ఒక్క టోపీ నా ప్రాణం తీసింది.

మధ్యాహ్నం గిన్నెలు తోమే మనిషి వచ్చింది, ఇక్కడందరూ పిలిచినట్టే మేమూ మాసి అంటాం. ఖాళీ చట్రాలు డబ్బాలో పట్టవని అప్పటికే ముక్కలు ముక్కలుగా విరిచి పెట్టాను. వాటిని చూసి "ఫేలే దేబో, మాసిమా?" అంది. పారేయమన్నాను. చెత్తతో పాటు తీసుకుని దిగిపోయింది. కిందికి మున్సిపాలిటీ చెత్తబండి వచ్చి ఈల వేసి వెళ్లిపోవడం కూడా విన్నాను.

సాయంత్రం కోడలు వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "మా, తీశారా?" అంది.

"తీసీసినాను. మొత్తం. రా, చూడు."

పోపులపెట్టె మూత తీసి చూపించాను. పండక్కి చేసిన పిండివంటలు చూపించినట్టే చూపించానేమో. ఆమె వంగి చూసింది. ఒక గిన్నెలో వేలు పెట్టి కదిపింది. పళ్లెం వైపు చూసింది. గది చుట్టూ చూసింది.

"ఫ్రేములు ఏవి మా?"

"ఏ ఫ్రేములు? ఆ ఊచలా? పారీసినాం. మాసి పట్టుకెళ్లిపోయింది."

ఆమె ఫ్రిజ్ తలుపు తీసి, గుడ్ల అరలోంచి చిన్న ట్యూబు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను, మా అబ్బాయి పంటినొప్పి మందు అనుకునేదాన్ని.

"మా, ఇదీ ఆఠా. చల్లగా ఉంటే సరిగా పట్టదు. అందుకని బయటికి తీసి ఉంచమన్నాను."

"అంటించేదా? బంకా?"

"బొంకా?"

"బంక. జిగురు."

ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఎలా వింటుంది? నేను ఎప్పుడూ నేర్పలేదు. పప్పు, ఉప్పు, బీరకాయ, బావగారు, శ్రాద్ధం, సూతకం అన్నీ నేర్పాను. బంక అన్న మాట మా ఇంట్లో అవసరం పడలేదు. బెంగాలీ వాళ్లకి బంక ఆఠా. ఠా గట్టిగా ఒత్తి పలుకుతారు. ఆ ఒత్తు బస్సు హారన్లో పోయింది. పోకపోయినా నా చెవి ఒత్తుల తేడా పట్టేది కాదేమో, మా ఇంట్లో మేం ఒత్తులు పలకం.

అప్పుడు పెట్టెతో వచ్చిన కాగితం విప్పి చూపించింది. అసలు సంగతి చట్రాల మీద ఉందట. ఒక్కో ముక్క పక్కన ఊచ మీద ఒక అంకె ఉంటుంది. ఫలానా మొండేనికి ఫలానా అంకె చెయ్యి, ఫలానా అంకె తల అని కాగితంలో రాసి ఉంది. ముక్కల మీద మాత్రం ఏ గుర్తూ లేదు. అంకెలన్నీ చెత్తబండిలో పోయాయి. జీవితమంతా అంకెలతో బతికినదాన్ని, ఊచల మీద చిన్న అంకెలు కనిపించినా కంపెనీవాడి గుర్తులేవో అనుకుని వదిలేశాను.

ఆ పెట్టె ఆమె ఒక్కదానిదీ కాదు, ఐదుగురిది. అతను సోమవారం వెళ్లిపోతాడు. ఆదివారం పొద్దున వాళ్లు వచ్చేసరికి బల్ల మీద ఏముంటుంది? పోపులపెట్టె. లేచి మెట్ల వైపు నడిచాను. కింద ఎవరినైనా అడిగితే బండి ఎటు పోయిందో చెబుతారని.

ఆమె అడ్డం వచ్చింది. "మెట్లు వద్దు మా. హోయే గేఛే."

అయిపోయింది, జరిగిపోయింది అని. బెంగాలీ వాళ్లు పాలు ఒలికినా అంటారు, రైలు తప్పిపోయినా అంటారు. రోజుకి పదిసార్లు వినే మాటే. కానీ ఆ మాటలో 'ఎవరు' అన్నది లేదని నేను ఆ రోజే గమనించాను. చేసినవాళ్లు లేకుండా పని దానంతట అదే అయిపోయినట్టు ఉంటుంది. ఆమె ఆ మాట కోపం దిగమింగి అన్నది కాదు. దిగమింగితే నాకు తెలుస్తుంది. టీకి నీళ్లు పెట్టి, రెండు గ్లాసులతో వచ్చి, చాప మీద నా పక్కన కూర్చుంది. ఈ ఇంట్లో ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని టీ తాగడం అదే మొదలు.

"వాళ్లకి ఫోను చేసి చెప్పీ. నా పేరు చెప్పీ, మా అత్తగారు పాడు చేసీసిందని" అన్నాను.

"ఏం చెప్పాల? రేపు శనివారం, స్కూలు సెలవు. రోజంతా మనదే" అంది. తర్వాత ఒక చెయ్యి తీసి వెలుతురుకి పట్టి చూసింది. "ఎంత నున్నగా కోశారు మా! నేనైతే సగం విరగ్గొడుదును."

ఆ మాట ఓదార్పుకి అన్నదే. అయినా అందులో అబద్ధం లేదు.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. కాగితంలో తయారైన బొమ్మల చిత్రాలు ఉన్నాయి కానీ చింతగింజంతవి. నా భూతద్దం పెట్టి చూసినా ఎవరు ఎవరో సరిగా తెలియదు. మొదట నేను నా పద్ధతిలో వెళ్లాను. కుడిచేతులన్నీ వరసగా పేర్చి, పొడవు పొట్టి చూసి, ఒక్కొక్కటి మొండేలకి పెట్టి చూడటం. గంట గడిచినా నలుగురు కూడా కుదరలేదు. ప్రతి చెయ్యీ ప్రతి భుజానికీ ఇంచుమించు సరిపోతున్నట్టే ఉంది.

"మా, అలా కాదు. మనిషిని చూడండి" అంది కోడలు. "ఈ మొండెం చూడండి. ఒక పక్కకి వాలింది. ఎందుకు వాలింది? దేని మీదో కాలు పెట్టి ఉండాల. అప్పుడు చెయ్యి ఎక్కడుంటుంది?"

"నాకేటి తెలుసు?"

"నిలబడండి, తెలుస్తుంది."

నన్ను లేపి గది మధ్యలో నిలబెట్టింది. ముక్కాలిపీట తెచ్చి ఎడమకాలు దాని మీద పెట్టించింది. చేతికి అప్పడాల కర్ర ఇచ్చింది. "ఇది తుపాకీ. ఎదురుగా దొంగలు. ఇప్పుడు పట్టుకోండి."

నేత చీర, జారుముడి, కళ్లజోడు. అప్పడాల కర్ర భుజానికి ఆనించి ఒక కన్ను మూశాను. ఆమె నా చుట్టూ తిరిగి, మోచేయి ఎలా వంగిందో చూసి, గిన్నెలోంచి అలా వంగిన చెయ్యే ఒకటి వెతికి తీసింది. మొండేనికి పెడితే టక్కున కూర్చుంది. నేను అలాగే నిలబడి ఉండగా మా అబ్బాయి కూరల సంచితో లోపలికి వచ్చాడు.

"ఏటమ్మా ఇది? ఎవుర్ని కాలుస్తున్నావు?"

"నిన్నే. చేతులెత్తు."

సంచి కింద పెట్టి నిజంగానే చేతులెత్తాడు. "ములక్కాడలు, వంకాయలు తెచ్చినాను, ఒదిలీయండి దొరా" అన్నాడు. కోడలు నవ్వాపుకోలేక చాప మీద కూలబడింది.

అక్కడి నుంచి పని సాగింది. నేనొకసారి గుర్రం ఎక్కాను, సోఫా చెయ్యి మీద. ఒకసారి కల్లుదుకాణం బల్ల వెనక నిలబడి గ్లాసు తుడిచాను. ఒకసారి ఆమె దొంగ, నేను పట్టుకునేదాన్ని. టికెట్లు విడదీసిన రోజుల్లో ఆ టికెట్టు కొన్న మనిషి ఎవరు, కూర్చుని వెళ్లాడా నిలబడి వెళ్లాడా అని నేను ఒక్కసారైనా అనుకోలేదు. అనుకుంటే పని జరిగేది కాదు. ఇక్కడ అదే అనుకోకపోతే పని జరగలేదు.

టోపీ సంగతి కూడా తేలింది. పొడుగుకోటు మనిషి ఒకడు ఉన్నాడు, ఆ ఊళ్లో శవపేటికలు చేసేవాడట. అతని టోపీ నెత్తి మీద కాదు, చేతిలో ఉంటుంది, చెయ్యీ టోపీ ఒకే ముక్కగా. చచ్చినవాడి ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఆ ముక్కని నేను చిల్లర గిన్నెలో వేశాను. దొరికిందని నేను అరిచిన అరుపుకి మాసి తోముతున్న గిన్నె వదిలేసి వచ్చింది.

మధ్యాహ్నం ఒక పొరపాటు జరిగింది. నేనూ అంటిస్తానని ఆఠా ట్యూబు తీసుకుని నొక్కాను. ఒక్క చుక్క అనుకుంటే మూడు చుక్కలు పడ్డాయి. బొటనవేలూ చూపుడువేలూ గుర్రం తోకతో సహా అతుక్కుపోయాయి. లాగబోతుంటే ఆమె ఆపింది. "లాగితే తోలు వస్తుంది మా." గోరువెచ్చటి సబ్బునీళ్లలో నా చెయ్యి నానబెట్టింది. తర్వాత ఒళ్లో తువ్వాలు వేసుకుని, దాని మీద నా చెయ్యి పెట్టుకుని, ఆవనూనె రాస్తూ కొంచెం కొంచెంగా వేళ్లు విడదీసింది. చాలాసేపు పట్టింది. ఆమె తల వంచి ఉంది. పాపిట్లో సిందూరం మీద ప్లాస్టిక్ పొడి. నా కూతురు ఉంటే ఇలా చేసేదా అని చాలామంది అంటారు. నాకు కూతురు లేదు, ఆ పోలిక నాకు రాదు. నా చెయ్యి అంతసేపు ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్లయిందో మటుకు లెక్క వేసుకున్నాను. వేసుకుని ఊరుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి అందరూ నిలబడ్డారు. గుర్రాలతో సహా. ఇద్దరి దగ్గర మాత్రం ఎంత చూసినా తేలలేదు. ఒక సీసా చెయ్యి, ఒక పిస్తోలు చెయ్యి మిగిలాయి. ఊరివాళ్లు కాపలాకి పెట్టుకున్న అధికారి షరీఫూ, కల్లుదుకాణం యజమానురాలూ మిగిలారు. సీసా దుకాణం ఆమెది, పిస్తోలు షరీఫుది అయి ఉండాలని ఎవరైనా చెబుతారు. కానీ అలా పెడితే రెండూ వంకరగా ఉన్నాయి, మార్చి పెడితే తిన్నగా కూర్చున్నాయి. చివరికి భుజం చెప్పిన మాటే విన్నాం. షరీఫు చేతిలో సీసా, ఆవిడ చేతిలో పిస్తోలు.

"ఆ ఊరు ఇంక బాగుపడదు" అన్నాను.

"ఆవిడ ఉంది కదా మా, చూసుకుంటుంది" అంది.

ఆదివారం వాళ్లు వచ్చారు. నొలెన్ గుడ్ సందేశ్, చలికాలపు ఈతబెల్లంతో చేసే మిఠాయి, తెచ్చారు. బెంగుళూరు వెళ్లే అతను బల్ల మీద వరసగా నిలబడ్డ బొమ్మల్ని చూసి, చేతిసంచి భుజాన ఉండగానే వంగిపోయాడు. ఒక్కొక్కటీ తీసి చూస్తున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అతని వేళ్లనే చూస్తున్నాను. షరీఫు దగ్గరికి వచ్చి ఆగాడు.

"షెరీఫేర్ హాతే బోతొల్ కేనో?" అన్నాడు. షరీఫు చేతిలో సీసా ఏమిటి?

మా అబ్బాయి పేపరు పక్కన పెట్టాడు. వాడికి మంచి కథ దొరికింది. "అదా? శుక్రవారం మా అమ్మ..." అని బెంగాలీలో మొదలుపెట్టాడు.

"చా ఠాండా హోయే జాచ్ఛే" అంది కోడలు. టీ చల్లారిపోతోంది. వాడి చేతికి గ్లాసు ఇచ్చి, వాడి కళ్లలోకి ఒక్క చూపు చూసింది. వాడు గ్లాసు తీసుకుని మళ్లీ పేపరు ఎత్తాడు. ఆమె స్నేహితుడి వైపు తిరిగి, "ఆ ఊళ్లో షరీఫు అలాంటివాడే. మేమిద్దరం అలా చేశాం, నేనూ 'మా' కూడా" అంది. అంతే. పాచికలు డబ్బాలోంచి తీసింది.

శుక్రవారం నుంచి ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదని, ఇక ముందూ చెప్పదని అప్పుడు అర్థమైంది. మా అబ్బాయి కూడా మాసి దగ్గర విన్నాడట. ఇంటికి వచ్చిన వాళ్ల ముందు అత్తగారి పొరపాటు చెప్పి నవ్వించడం ఎంత సులువో నాకు తెలుసు. మా ఆఫీసులో మధ్యాహ్నం టిఫిను డబ్బాల దగ్గర అందరం చేసిన పనే.

ఆమె దాచిపెట్టింది కాబట్టే నాకు చెప్పాలనిపించింది. గుమ్మం దిగి బల్ల దగ్గరికి వెళ్లి, నా రైల్వే బెంగాలీలో నేనే చెప్పాను. ఆటా, ఆఠా, ఆట. పిండి, బంక, ఆట. గోంగూర ఒలిచినట్టు ఒలవడం, పోపులపెట్టె, చెత్తబండి, అప్పడాల కర్ర. ఆఠా అన్నప్పుడల్లా ఠాని బాగా ఒత్తి పలికాను, వాళ్లకి తేడా తెలియాలి కదా. చేతులూ కాళ్లూ గిన్నెల్లో ఎలా సర్దానో చెబుతుంటే బెంగుళూరు వెళ్లే అతను కళ్లు తుడుచుకున్నాడు. "మాసిమా, ఇంక బెంగుళూరులో నేను ఎవరితో ఆడాలి? ఈ షరీఫుని నాకివ్వండి, తీసుకుపోతాను" అన్నాడు. మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు. షరీఫు ఊరు వదలకూడదట, నియమాల్లోనే ఉందట. కోడలు నాకేసి చూసింది. మొదట కాస్త కంగారు, తర్వాత అది పోయింది.

"మా, చెత్తబండి ఈల మర్చిపోయారు" అంది.

"అవును, ఈల" అని అదీ చెప్పాను.

తర్వాత వాళ్లు ఆటలో పడ్డారు. నేను రెండోసారి టీ పెట్టడానికి వంటింట్లోకి వచ్చాను. పాలు కాగుతున్నాయి. ముందుగదిలో ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో పైకి వినపడుతున్నది మా కోడలిది. ఈ ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. ఎవరికి ఎన్ని చెంచాల చక్కెర వేయాలో అడగడానికి బయలుదేరి, గుమ్మం దగ్గర ఆగాను. ఆ నవ్వు అయ్యేదాకా ఉండి, అప్పుడు అడుగుదామని.